వేట తూటాపై వాతావరణ ప్రభావం: నిల్వ, దహనం, గమనం – భారత వేట చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వేటలో గురి తప్పడానికి వాతావరణం ఒక కారణమన్న మాట వేటగాళ్ల అనుభవంలో చాలాకాలంగా ఉన్నదే. అయితే ఎండ, తేమ, గాలి, వాన అన్నవాటిలో ఏది ఏ దశలో ఎంత మేరకు తూటాను ప్రభావితం చేస్తుందనే విషయంలో వాడుకలోని నమ్మకాలకూ భౌతికశాస్త్ర లెక్కలకూ పొంతన తక్కువ. తూటా జీవితాన్ని నిల్వ, దహనం, గమనం అనే మూడు దశలుగా విభజించి, ఒక్కొక్క దశకు ఒక్కొక్క ప్రధాన శత్రువు ఉన్నదని ఈ వ్యాసం వివరిస్తుంది. తేమ నిల్వను చెడగొడుతుంది. వేడి దహనాన్ని మారుస్తుంది. అడ్డగాలి గమనాన్ని మళ్లిస్తుంది. 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు భారతదేశంలో తుపాకుల వాడకం చుట్టూ ఏర్పడిన అనుభవాలను ఇందుకు ఆధారంగా తీసుకోవడం జరిగింది. వేట నిషేధించబడిన నేటి కాలంలో మత్తు సూది ప్రయోగానికి ఈ జ్ఞానం ఎలా అన్వయిస్తుందో చివరి భాగంలో చర్చించడమైనది.

కీలక పదాలు: తూటా, నల్లమందు, కార్డైట్, అడ్డగాలి, వాయుసాంద్రత, ఇత్తడి పగుళ్లు, మత్తు సూది, వన్యప్రాణి సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:

కుమావూన్ ప్రాంతంలోని చంపావత్ వద్ద 1907లో జిమ్ కార్బెట్ ఒక ఆడపులిని చంపారు. అది 436 మందిని బలిగొన్నదని ఆయన నమోదు చేశారు. చనిపోయిన పులి నోటిని పరిశీలించగా కుడివైపు పైకోర సగానికి, కింది కోర ఎముక దాకా విరిగి కనిపించాయి. అది పాత తుపాకి గాయమని, దానివల్ల సహజమైన ఆహారాన్ని వేటాడలేకపోయిన పులి మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ధారించారు. 1944లో వెలువడిన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ గ్రంథంలో ఆయన ఈ విషయాన్ని సాధారణీకరించారు. పులి నరమాంసభక్షిగా మారడానికి పదింట తొమ్మిది సందర్భాల్లో గాయమే కారణమని, అజాగ్రత్తగా పేల్చి, గాయపడిన జంతువును వెంబడించి చంపకుండా వదిలేయడం అటువంటి గాయాలకు ఒక మూలమని ఆయన అభిప్రాయం.

దీన్నిబట్టి గురి తప్పిన గుండు కథ అక్కడితో ముగియదని తెలుస్తుంది. పూర్తిగా తప్పిన గుండు కంటే సగం తప్పిన గుండు ప్రమాదకరమైనది. దుప్పి వంటి జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉండే ప్రాణస్థానం వెడల్పు ఇంచుమించు ఒక జానెడు. దాని నడిమధ్యకు గురిపెట్టినప్పుడు ఏ పక్కకైనా ఉండే వెసులుబాటు అరజానెడు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే. అంతకు మించి గుండు పక్కకు పోతే జంతువు తక్షణం చనిపోదు. రోజుల తరబడి బాధపడుతుంది, లేదా కుంటి జంతువుగా బతుకుతుంది. గురి తప్పడానికి తొందరపాటు, చీకటి, దూరపు అంచనాలో పొరపాటు వంటి కారణాలు అనేకం ఉంటాయి. వాటిలో వాతావరణం ఒకటి. ఆ అరజానెడు వెసులుబాటులో వాతావరణం ఎంత భాగాన్ని తినేస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

1.1 పదాల వివరణ:

వ్యవహారంలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. ఈ వ్యాసంలో ‘తూటా’ అంటే నాలుగు భాగాల సముదాయం. ఇత్తడి తొడుగు, అందులో నింపిన మందు, అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్, ముందుభాగంలో అమర్చిన గుండు ఆ నాలుగు భాగాలు. గొట్టం నుంచి బయటపడి ప్రయాణించేది గుండు మాత్రమే. ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం. ఎందుకంటే తేమ, వేడి తూటా మీద పనిచేస్తాయి. గాలి గుండు మీద పనిచేస్తుంది.

2. నిల్వ దశ – తేమ ప్రభావం:

2.1 నల్లమందు:

19వ శతాబ్దం చివరి వరకు తుపాకిలో వాడినది సూరేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరిన నల్లమందు. శుద్ధమైన సూరేకారం గాలిలోని తేమను పెద్దగా పీల్చుకోదు. కాని మట్టి నుంచి తీసిన ముడి సూరేకారంలో ఉప్పు, కాల్షియం నైట్రేట్ వంటి మలినాలు ఉంటాయి. తేమను లాక్కునేవి ఈ మలినాలే. అందువల్ల ఒకే వానలో ఒకరి మందు పేలడం, మరొకరి మందు తుస్సుమనడం అదృష్టానికి సంబంధించిన విషయం కాదు. శుద్ధి చేయడంలోను, భద్రపరచడంలోను ఉన్న తేడాయే దానికి కారణం.

1757 జూన్ 23న జరిగిన ప్లాసీ యుద్ధం భద్రపరచడంలోని తేడాకు ప్రసిద్ధ నిదర్శనం. మధ్యాహ్నం కురిసిన భారీ వానకు నవాబు సిరాజుద్దౌలా సైన్యపు మందు తడిసిపోయింది. ఆంగ్లేయులు తమ మందును టార్పాలిన్లతో కప్పి కాపాడుకున్నారు. ఎదుటివారి మందు కూడా తడిసి ఉంటుందన్న భావనతో ముందుకు సాగిన మీర్ మదన్ ఫిరంగి దెబ్బకు ప్రాణాలు కోల్పోయాడు. ఆ యుద్ధ ఫలితాన్ని ప్రధానంగా నిర్ణయించినది మీర్ జాఫర్ ద్రోహమే అయినప్పటికీ, మందును పొడిగా ఉంచుకోవడం ఎంత కీలకమో ఈ ఘటన తెలుపుతుంది. యుద్ధానికి, వేటకు వాడే మందు అప్పట్లో ఒకటే. కాబట్టి ఈ బలహీనత కూడా రెండింటికీ ఉమ్మడిగా ఉండేది.

2.2 రంజకం నుంచి క్యాపు వరకు:

చెకుముకి తుపాకిలో గొట్టం పక్కన ఉండే చిన్న గిన్నెలో రంజకం పోసేవారు. చెకుముకి రాయి నిప్పురవ్వకు ముందు రంజకం అంటుకుని, దాని మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందుకు చేరేది. లోపలి మందు పొడిగా ఉన్నా, బయటి గిన్నెలోని చిటికెడు రంజకం చెమ్మగిల్లితే తుపాకి పేలేది కాదు. పైగా రంజకం మెరిసిన తర్వాత గుండు బయలుదేరడానికి కొంత వ్యవధి పట్టేది. ఆ మెరుపును చూసి పక్షులు ఎగిరిపోయేవి.

ఈ ఇబ్బందికి పరిష్కారం వెతికినవాడు సైనికుడు కాదు, పక్షులను వేటాడే అలవాటున్న ఒక మతాచార్యుడు. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్ దెబ్బకు పేలే రసాయనంతో నిప్పు పుట్టించే విధానాన్ని రూపొందించి 1807లో పేటెంట్ పొందాడు. తరువాత అది రాగి క్యాపుగా, అనంతరం తూటా అడుగున అమర్చే ప్రైమరుగా పరిణమించింది. బయట తెరచి ఉంచిన రంజకం అవసరం తీరిపోవడంతో వానలోనూ తుపాకి పేల్చడం సాధ్యమయింది.

ఈ మార్పుల మధ్యకాలంలోనూ వాడుకలో ఉన్నది కాగితపు తూటా. దానికి కొవ్వు పూయడంలో రెండు ఉద్దేశాలున్నాయి. ఒకటి గుండు గొట్టంలోకి సులువుగా దిగడం, రెండవది తూటాను చెమ్మ నుంచి కాపాడడం. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానమే 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఒకటయింది. సాంకేతిక అవసరం ఒక సమాజపు విశ్వాసాలను ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో ఈ సందర్భం సూచిస్తుంది.

2.3 ఇత్తడి తొడుగు – వానాకాలపు పగుళ్లు:

ఇత్తడి తొడుగు రాకతో మందు గాలి చొరబడని పాత్రలో భద్రమయింది. తేమ సమస్య ఇక తీరిందని భావించిన దశలో అది మరో రూపంలో తిరిగి వచ్చింది. భారతదేశంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో కార్యకలాపాలు తగ్గించి తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. పొడి కాలం వచ్చాక తీసి చూస్తే అనేక తూటాల ఇత్తడి తొడుగులు నిలువునా పగిలి కనిపించేవి. ఒక ఋతువులో కనిపించే లోపం కావడంతో దీనికి ‘ఋతు పగుళ్లు’ అన్న అర్థమిచ్చే పేరు స్థిరపడింది.

దీని కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు వివరించారు. రాగి, జింకు కలిసిన ఇత్తడిని వేడి చేయకుండా సాగదీసి తొడుగుగా మలిచినప్పుడు లోహంలో అంతర్గత బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, వానాకాలపు తేమతో కలిసి, ఆ బిగువు ఉన్న చోట లోహాన్ని కొరికి పగులు పుట్టిస్తుంది. బిగువు ఒక్కటే ఉన్నా, అమ్మోనియా ఒక్కటే ఉన్నా ఇది జరగదు. రెండూ కలవాలి. తొడుగును తగిన మోతాదులో వేడిచేసి అంతర్గత బిగువును తొలగించడం దీనికి పరిష్కారమయింది. లోహశాస్త్రంలో ‘ఒత్తిడి తుప్పు పగుళ్లు’ అనే విభాగానికి భారతీయ వానాకాలపు గుర్రపుశాలలు తొలి ఉదాహరణల్లో ఒకటిగా నిలిచాయి.

2.4 ఇతర నష్టాలు:

చెర్రలు నింపిన షాట్‌గన్ తూటాలకు చాలాకాలం కాగితపు గొట్టాలే వాడారు. వానాకాలంలో ఆ కాగితం చెమ్మకు ఉబ్బి తూటా తుపాకి గదిలో పట్టేది కాదు. 1960ల నుంచి ప్లాస్టిక్ తొడుగులు వ్యాపించాక ఈ ఇబ్బంది తగ్గింది. పాత ప్రైమర్లలో ఉండే పొటాషియం క్లోరేట్ పేలిన తర్వాత పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా గొట్టంలో మిగిలేది. అది గాలిలోని తేమను పీల్చుకుని గొట్టం లోపలి గాడులను తుప్పు పట్టించేది. నూనె ఉప్పును కరిగించలేదు. అందువల్ల వేట నుంచి తిరిగి రాగానే గొట్టంలో మరుగుతున్న నీరు పోసి కడగడం, ఆరిన తర్వాతనే నూనె పూయడం నియమంగా పాటించేవారు. ఇనుముకు నీరు శత్రువన్న సాధారణ నమ్మకానికి ఇది విరుద్ధంగా కనిపించినా రసాయనికంగా సరైన పద్ధతి.

3. దహన దశ – ఉష్ణోగ్రత ప్రభావం:

3.1 పొగలేని మందు:

1884లో ఫ్రాన్సుకు చెందిన పాల్ వియెల్ పొగలేని మందును రూపొందించాడు. 1889లో బ్రిటన్‌లో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవర్ కార్డైట్‌ను తయారుచేశారు. తాడు పోగుల ఆకారంలో ఉండడం వల్ల దానికా పేరు వచ్చింది. తొలి కార్డైట్‌లో 58 శాతం నైట్రోగ్లిజరిన్, 37 శాతం గన్‌కాటన్, 5 శాతం వాసెలిన్ ఉండేవి. నల్లమందుతో పోలిస్తే ఇది తక్కువ పరిమాణంలో చాలా ఎక్కువ శక్తినిస్తుంది. భారతదేశంలో దీని తయారీకి నీలగిరి కొండల్లోని అరువంకాడులో 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కర్మాగారం ఏర్పడింది.

పొగలేని మందు దహనవేగం దాని ప్రారంభ ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. పేల్చే ముందే వేడెక్కి ఉన్న మందు త్వరగా మండుతుంది. అదే మందు, అదే పరిమాణం అయినా తక్కువ సమయంలో వాయువులు వెలువడడం వల్ల గదిలో పీడనం పెరుగుతుంది. ఉష్ణోగ్రతకు ఎక్కువగా స్పందించే మందుల విషయంలో ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ పెరిగితే గుండు వేగం సెకనుకు అర మీటరు నుంచి ఒక మీటరు వరకు పెరుగుతుంది. చలిలో దీనికి విరుద్ధంగా వేగం తగ్గుతుంది. హిమాలయ ప్రాంతపు శీతకాలంలో తుపాకి యంత్రభాగాల్లోని జిడ్డు గట్టిపడి, సుత్తి దెబ్బ బలహీనమై, ప్రైమర్ పేలకపోవడం కూడా సంభవిస్తుంది.

3.2 ఇంగ్లండు తుపాకి – భారతదేశపు వేసవి:

వలసకాలపు భారతదేశంలో పులివేటకు అనువైన కాలం మార్చి నుంచి జూన్ వరకు ఉండే వేసవి. నీటి మడుగులు ఎండిపోయి, మిగిలిన కొద్ది నీటివద్దకు జంతువులు చేరడం, పొదలు ఎండి దూరం కనిపించడం ఇందుకు కారణాలు. కాని ఆ వేటకు వాడిన జంట గొట్టాల రైఫిళ్లు ఇంగ్లండు చలిగాలిలో పరీక్షించి సరిచూసినవి. 15 డిగ్రీల వద్ద సరిచూసిన తుపాకిని 45 డిగ్రీల ఎండలో వాడవలసి వచ్చేది. ఎండలో ఉంచిన తూటా ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతను కూడా మించిపోతుంది.

దీనివల్ల రెండు సమస్యలు తలెత్తాయి. మొదటిది పీడనం. పీడనం హద్దు దాటినప్పుడు ఇత్తడి తొడుగు వ్యాకోచించి గది గోడలకు అంటుకుపోతుంది. తుపాకి తెరిచినా ఖాళీ తొడుగు బయటికి రాదు. గాయపడిన పులి మీదికి దూకుతున్న క్షణంలో మరో తూటా ఎక్కించలేకపోవడం వేటగాడి ప్రాణం మీదికి వచ్చే విషయం. రెండవది గురి. జంట గొట్టాల రైఫిల్లో రెండు గొట్టాల గుండ్లు ఒకే చోట తగిలేలా నిర్దిష్టమైన తూటా వేగానికి అనుగుణంగా గొట్టాలను అమర్చుతారు. వేగం మారితే ఆ అమరిక చెదిరి రెండు గుండ్లు వేర్వేరు చోట్ల తగులుతాయి.

బ్రిటిష్ తయారీదారులు ఈ సమస్యకు రెండు మార్గాలు అనుసరించారు. ఉష్ణదేశాల కోసం కార్డైట్ పరిమాణం కొద్దిగా తగ్గించిన ప్రత్యేక తూటాలు తయారుచేయడం మొదటి మార్గం. తొడుగునే విశాలంగా నిర్మించి, పీడనం మొదటి నుంచీ తక్కువగా ఉండేలా చూడడం రెండవ మార్గం. 1911లో వచ్చిన .416 రిగ్బీ తూటా రెండవ మార్గానికి ప్రసిద్ధ ఉదాహరణ. దాని పెద్ద తొడుగు ఆర్భాటం కోసం ఏర్పడినది కాదు. ఎండదేశాల్లో పెరిగే పీడనానికి వదిలిన చోటు అది.

దీర్ఘకాలపు వేడి మరో విధమైన హాని చేస్తుంది. నైట్రోసెల్యులోజ్ ఆధారిత మందులు కాలక్రమంలో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. వేడి ఆ ప్రక్రియను వేగవంతం చేస్తుంది. అందువల్లనే మందులో స్థిరీకరణ పదార్థాలు కలుపుతారు. తూటాలను చల్లగా, పొడిగా ఉన్న చోట దాచాలన్న నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

4. గమన దశ – గాలి, సాంద్రత, తేమ:

4.1 బెంజమిన్ రాబిన్స్ పరిశోధన:

బరువైన సీసపు గుండు మీద గాలి ప్రభావం ఉపేక్షించదగినంత స్వల్పమని, దాని మార్గం ఇంచుమించు పరవలయమని 18వ శతాబ్దం తొలిభాగం వరకు అనేకులు భావించారు. 1742లో ‘న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ’ గ్రంథంతో ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ ఈ భావనను తలకిందులు చేశాడు. బరువైన లోలకాన్ని గుండుతో కొట్టి, లోలకం ఊగిన మేరను బట్టి గుండు వేగాన్ని లెక్కగట్టాడు. లోలకాన్ని వేర్వేరు దూరాల్లో ఉంచి, దారిలో గుండు ఎంత వేగం కోల్పోతున్నదో కనుగొన్నాడు. వేగంగా పోయే గుండుపై గాలి నిరోధం దాని సొంత బరువుకు అనేక రెట్లు ఉంటుందని తేలింది. 1745లో ఆయిలర్ ఈ గ్రంథాన్ని జర్మన్ భాషలోకి అనువదించాడు.

రాబిన్స్ జీవితపు చివరి అధ్యాయం కోరమాండల్ తీరంలో ముగిసింది. ఈస్టిండియా కంపెనీ కోటల నిర్మాణ బాధ్యతపై 1750లో మద్రాసు ప్రాంతానికి వచ్చిన ఆయన 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

4.2 అడ్డగాలి:

అడ్డగాలి గుండును పక్కనుంచి నెట్టుకుంటూ పోతుందన్నది సాధారణ ఊహ. వాస్తవంలో గాలి చేసే పని కొంత భిన్నమైనది. గుండు తనకు ఎదురయ్యే గాలి దిశకు ముక్కు తిప్పుకుంటుంది. అడ్డగాలి ఉన్నప్పుడు ఆ దిశ కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. అప్పుడు గుండును వెనక్కి లాగే గాలి నిరోధం దానిని కొంత పక్కకు కూడా లాగుతుంది. అందువల్ల గుండు ఎంత పక్కకు జరుగుతుందన్నది అది గాలిలో ఉన్న మొత్తం సమయం మీద కాక, గాలి నిరోధం వల్ల జరిగిన ఆలస్యం మీద ఆధారపడుతుంది. డిడియన్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఈ విషయాన్నే చెబుతుంది. శూన్యంలో పట్టే సమయానికీ గాలిలో పట్టిన సమయానికీ ఉన్న తేడాను అడ్డగాలి వేగంతో గుణిస్తే మొగ్గుదల వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే సెకనుకు 800 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 200 మీటర్ల దూరాన్ని శూన్యంలో 0.25 సెకన్లలో దాటుతుంది. గాలిలో 0.275 సెకన్లు పట్టిందనుకుంటే ఆలస్యం 0.025 సెకన్లు. అడ్డగాలి వేగం సెకనుకు 4 మీటర్లు అయితే మొగ్గుదల 10 సెంటీమీటర్లు. చెట్ల ఆకులు, సన్నని రెమ్మలు నిరంతరం కదిలేంత గాలికి ఈ వేగం ఉంటుంది. అది మనిషికి హాయిగా తోచే గాలి. కాని ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన అరజానెడు వెసులుబాటు ఆ ఒక్క గాలితోనే పూర్తిగా తీరిపోయింది. దూరం రెట్టింపయితే మొగ్గుదల ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. 400 మీటర్ల వద్ద అదే గాలి గుండును సుమారు 40 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు జానెలు పక్కకు తీసుకుపోతుంది.

గుండుకు ఎదురుగా గాని, వెనుక నుంచి గాని వీచే గాలి ప్రభావం వేట దూరాల్లో చాలా స్వల్పం. సెకనుకు 800 మీటర్ల వేగంతో పోల్చినప్పుడు 4 మీటర్ల ఎదురుగాలి అర శాతం మాత్రమే.

4.3 వాయుసాంద్రత, తేమ:

సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో గాలి సాంద్రత ఘనమీటరుకు 1.225 కిలోగ్రాములు. అదే పీడనంలో 45 డిగ్రీల వద్ద అది సుమారు 1.11 కిలోగ్రాములకు, అంటే 9 శాతం మేరకు తగ్గుతుంది. ప్రామాణిక వాతావరణంలో 2000 మీటర్ల ఎత్తున తగ్గుదల సుమారు 18 శాతం. సాంద్రత తగ్గితే నిరోధం తగ్గి గుండు కొంచెం పైగా తగులుతుంది.

తేమ విషయంలో బలమైన అపోహ ఒకటి ఉంది. ఉక్కగా ఉన్న రోజున గాలి ‘బరువెక్కి’ గుండును కిందికి లాగుతుందని చాలామంది నమ్ముతారు. నిజం దీనికి వ్యతిరేకం. నీటి అణుభారం 18. పొడి గాలి సగటు అణుభారం 29. ఒకే పీడనంలో, ఒకే ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి చేరేకొద్దీ గాలి తేలికవుతుంది. 35 డిగ్రీల వద్ద గాలి తేమతో పూర్తిగా నిండినా సాంద్రత సుమారు 2 శాతం మాత్రమే తగ్గుతుంది. ఉక్కపోత వల్ల మనిషికి కలిగే బరువు భావనకు చెమట ఆరకపోవడం కారణం. శరీరానికి అనిపించేది గుండుకు వర్తించదు.

4.4 ప్రభావాల తులనాత్మక పరిశీలన:

పైన తీసుకున్న ఉదాహరణలోని గుండు 200 మీటర్ల వద్దకు చేరేసరికి భూమ్యాకర్షణ వల్ల ఇంచుమించు 37 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. తుపాకి గురి ఈ దిగుదలను ముందే లెక్కలోకి తీసుకుని అమర్చి ఉంటుంది. ఆ అమరికకు వాతావరణం తెచ్చే అదనపు మార్పులను సరళమైన గణనతో ఇలా క్రమబద్ధీకరించవచ్చు.

• సెకనుకు 4 మీటర్ల అడ్డగాలి: పక్కకు 10 సెంటీమీటర్లు.
• మందు 30 డిగ్రీలు వేడెక్కి గుండు వేగం 3 శాతం పెరగడం: పైకి సుమారు 2 సెంటీమీటర్లు.
• 2000 మీటర్ల ఎత్తుకు వెళ్లడం: పైకి 1 సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ.
• గాలి ఉష్ణోగ్రత 15 నుంచి 45 డిగ్రీలకు పెరగడం, సాంద్రత మార్పు వల్ల మాత్రమే: పైకి అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ.
• 35 డిగ్రీల వద్ద పొడి గాలి పూర్తి తేమగాలిగా మారడం: పైకి ఒకటి రెండు మిల్లీమీటర్లు.

గుండు ఆకారాన్ని, వేగాన్ని బట్టి ఈ అంకెలు మారినా, సాధారణ వేట దూరాల్లో గాలిదే మొదటి స్థానం, తేమదే చివరి స్థానం. ఎత్తు, ఉష్ణోగ్రతల మార్పు ఒక ప్రాంతానికి, ఒక కాలానికి ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. కాబట్టి ఆ ప్రాంతంలోనే ఒకసారి గురి సరిచూసుకుంటే సరిపోతుంది. గాలి అలా కాదు. అది క్షణక్షణానికి మారుతుంది. వేటగాడి దగ్గర ఒక దిశలో, లోయ మధ్యలో మరొక దిశలో వీచవచ్చు. ముందుగా సరిచూసుకోవడానికి వీలులేని ఒకే ఒక్క అంశం అదే. అనుభవజ్ఞులు దూరాన్ని తగ్గించుకోవడానికే ప్రాధాన్యం ఇవ్వడంలోని శాస్త్రీయత ఇక్కడ స్పష్టమవుతుంది. 200 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్ల దోషం తెచ్చిన గాలి 100 మీటర్ల వద్ద సుమారు రెండున్నర సెంటీమీటర్ల దోషాన్నే తేగలదు.

4.5 ఎండమావి, వాన:

వేడెక్కిన నేల మీది గాలిపొరల్లో కాంతి వంగడం వల్ల దూరపు లక్ష్యం అలలు అలలుగా కదిలినట్లు, ఉన్న చోటి నుంచి కొద్దిగా జరిగినట్లు కనిపిస్తుంది. ఇది గుండును మళ్లించదు, చూపును మళ్లిస్తుంది. అయితే ఎండమావి అలలు ఏ వైపు ప్రవహిస్తున్నాయో గమనించి అడ్డగాలి దిశను, బలాన్ని అంచనా వేయవచ్చు. ఆ విధంగా ఇది ఒకే సమయంలో ఇబ్బందిగానూ సాధనంగానూ పనిచేస్తుంది.

వానచినుకులు గుండును మళ్లించడం అరుదు. వాన వల్ల కలిగే అసలు ప్రమాదం తుపాకిలోనే ఉంది. గొట్టంలో నీరు నిలిచి ఉండగా పేల్చితే ఆ అడ్డంకికి గొట్టం ఉబ్బడం లేదా పగలడం జరగవచ్చు. గది గోడలు తడిగా ఉంటే ఇత్తడి తొడుగు గోడలను పట్టుకోలేక, వెనుకనున్న బోల్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. వానలో తుపాకిని నోరు కిందికి ఉండేలా మోయడం, గొట్టం నోటికి పలుచని అంటుపట్టీ వేయడం వంటి అలవాట్లు ఈ ప్రమాదాన్ని నివారించడానికి ఏర్పడినవే.

5. నేటి సందర్భం – మత్తు సూది ప్రయోగం:

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు భారతదేశంలో వేటను నిషేధించాయి. సెక్షన్ 9 ఈ నిషేధాన్ని చెబుతుండగా, సెక్షన్ 11 ప్రత్యేక పరిస్థితుల్లో మినహాయింపును కల్పిస్తుంది. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువులు, కోలుకోలేని జబ్బు లేదా గాయంతో ఉన్న జంతువులు, కొన్ని వర్గాల విషయంలో పంటలకు, ఆస్తికి ప్రమాదకరమైన జంతువులు అధీకృత అధికారి రాతపూర్వక అనుమతితో ఈ మినహాయింపు పరిధిలోకి వస్తాయి. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని తేలితేనే మొదటి షెడ్యూలులోని అపాయకర జంతువును చంపడానికి అనుమతి ఇవ్వాలన్నది చట్టం పెట్టిన షరతు. ఊళ్లలోకి వచ్చే చిరుతలు, పంటలను నాశనం చేసే అడవి పందుల సమస్య తెలుగు రాష్ట్రాల గ్రామాలకు కొత్తది కాదు. కాబట్టి వేట కోసం పుట్టిన ఈ జ్ఞానం నేడు సంరక్షణ రంగంలో పశువైద్యులకు, అటవీ సిబ్బందికి అవసరమవుతున్నది.

మత్తు సూది తుపాకి గుండు కంటే వాతావరణానికి ఎక్కువగా లొంగుతుంది. సూది నెమ్మదిగా వెళ్లాలి. వేగం పెరిగితే సూదే జంతువును గాయపరుస్తుంది. సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్లే సూది 40 మీటర్ల దూరం చేరడానికి గాలి నిరోధాన్ని వదిలేసినా 0.67 సెకన్లు పడుతుంది. ఆలోపు అది సుమారు 2.2 మీటర్లు కిందికి దిగుతుంది. వేగం 10 శాతం తగ్గితే దిగుదల 2.7 మీటర్లవుతుంది. అంటే అర మీటరు తేడా. భుజం కండరానికి గురిపెట్టిన సూది కాలికి తగలవచ్చు, లేదా నేలలో దిగవచ్చు.

ఆ వేగం తగ్గడానికి చలి ఒక కారణం కాగలదు. ఇటువంటి తుపాకుల్లో కొన్ని ద్రవరూపంలో నింపిన కార్బన్ డయాక్సైడ్ పీడనంతో పనిచేస్తాయి. ఆ పీడనం 30 డిగ్రీల వద్ద సుమారు 72 బార్లు ఉంటే 10 డిగ్రీల వద్ద సుమారు 45 బార్లకు పడిపోతుంది. పీడనమాపకం ఉన్న తుపాకుల్లో ప్రయోగానికి ముందు కావలసిన పీడనాన్ని సరిచేసుకోవచ్చు. అటువంటి సౌకర్యం లేనప్పుడు మధ్యాహ్నం సాధన చేసిన గురి తెల్లవారుజామున పనికిరాదు. కార్డైట్ విషయంలో వేడి అతిపీడనాన్ని తెచ్చి సమస్య అయింది. ఇక్కడ చలి పీడనాన్ని తగ్గించి సమస్య అవుతున్నది. సూత్రం మాత్రం ఒకటే. సరిచూసిన ఉష్ణోగ్రత, ప్రయోగించే ఉష్ణోగ్రత వేరైనప్పుడు గురి మారుతుంది.

వేడి ఇక్కడ మరో విధంగా ముఖ్యమవుతుంది. మత్తులో ఉన్న జంతువు శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుకోలేదు. మండుటెండలో తరిమి మత్తు సూది వేస్తే ఒంటి వేడి పెరిగి జంతువు చనిపోయే ప్రమాదం ఉంది. అందుచేత సూది సరిగా తగలడంతో వాతావరణ పరిశీలన ముగియదు. జంతువు తిరిగి లేచేవరకు అది కొనసాగాలి.

6. ముగింపు:

• వాతావరణ ప్రభావాన్ని ఒకే అంశంగా కాక నిల్వ, దహనం, గమనం అనే దశల వారీగా పరిశీలించినప్పుడే దాని స్వరూపం స్పష్టమవుతుంది.
• తేమ గుండు గమనాన్ని దాదాపు మార్చదు. కాని మందును, ప్రైమరును, ఇత్తడి తొడుగును, గొట్టాన్ని చెడగొడుతుంది. తేమ హాని వేటకు చాలా ముందే, నిల్వ చేసిన చోటనే జరిగిపోతుంది.
• ఉష్ణోగ్రత సాధారణ వేట దూరాల్లో గురిని కొద్దిగానే మార్చినా, పీడనం ద్వారా ఆయుధ భద్రతను ప్రభావితం చేస్తుంది. ఉష్ణదేశాల కోసం తయారైన తూటాల నిర్మాణంలో ఈ అవగాహన కనిపిస్తుంది.
• గమన దశలో అడ్డగాలిదే అత్యధిక ప్రభావం. దానిని ముందుగా సరిచూసుకునే అవకాశం లేనందున దూరాన్ని తగ్గించుకోవడమే నమ్మదగిన పరిష్కారం.
• శరీరానికి ఎక్కువగా తెలిసేది ఎండ, ఉక్క. గుండుకు ఎక్కువగా తెలిసేది మనిషి పట్టించుకోని చిరుగాలి. ఈ తేడాను గుర్తించకపోవడమే అపోహలకు మూలం.
• నేటి మత్తు సూది ప్రయోగంలో ఈ సూత్రాలు మరింత తీవ్రంగా వర్తిస్తాయి. ప్రయోగించే చోట, ప్రయోగించే వేళలో గురిని, పీడనాన్ని సరిచూసుకోవడం శిక్షణలో భాగం కావాలి.

గాలిని, దూరాన్ని లెక్కించలేని స్థితిలో ట్రిగ్గర్ నొక్కకుండా ఆగడం కూడా ఈ శాస్త్రం నేర్పే పాఠమే. గాయపడి తప్పించుకున్న ఒక్క జంతువు ఎన్ని గ్రామాల జీవితాన్ని మార్చగలదో చంపావత్ ఉదంతం తెలియజేస్తున్నది. ఆ దృష్టితో చూసినప్పుడు తూటాపై వాతావరణ ప్రభావం అధ్యయనం ఆయుధశాస్త్రానికి పరిమితమైన విషయం కాదు. మనిషికీ అడవికీ మధ్య ఉన్న బాధ్యతలో అది ఒక భాగం.